అంచు మీద ఉక్కు గోళీ

ఇస్తాంబుల్, బకిర్‌కోయ్
20 అక్టోబరు 2007, శనివారం

మెలాహత్ అత్తకు,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం ఉదయం ఎనిమిదిన్నరకే ఎదురైంది. గ్యాస్ పైపుల పనిలో శిక్షణకు చేరిన మొదటి రోజు కదా, షాకిర్ మేస్త్రీ నా చేతికి రెంచీయో సుత్తో ఇస్తారనుకున్నాను. ఆయన "చెయ్యి చాపు" అని నా అరచేతిలో ఒక ఉక్కు గోళీ పెట్టారు. మీ వీధి మగపిల్లల దగ్గర నేను గెలుచుకున్న గాజు గోళీలకన్నా కాస్త పెద్దది, పదింతలు బరువు.

"మధ్యాహ్నం దాకా దీన్ని జేబులో వేసుకు తిరుగు" అన్నారు.

"ఎందుకండీ?"

"బరువు తెలియాలి. బరువు తెలియకపోతే దీని పని తెలియదు."

తిరిగాను. అడుగు వేసినప్పుడల్లా కోటు ఒక పక్కకి లాగుతూనే ఉంది. మధ్యాహ్నం ఐదంతస్తుల భవనానికి వెళ్ళాం. గ్యాస్ లోపలికి వచ్చే పెద్ద పైపుకు, వీధి గుమ్మం దాటగానే, ఒక ఇత్తడి పెట్టె బిగించాలి. అదే భూకంపం వాల్వు. దాని లోపల సన్నని అంచు ఉంటుంది. అచ్చం నా జేబులోలాంటి గోళీ ఆ అంచు మీద కూర్చుంటుంది. కిందే గ్యాస్ పోయే నోరు. నేల గట్టిగా ఊగిందా, గోళీ జారి ఆ నోట్లో పడుతుంది. వెనక నుంచి గ్యాస్ తోసే బలానికే బిగుసుకుపోతుంది. ఇక పై అంతస్తుల్లో ఏ పైపు విరిగినా, ఏ పొయ్యి బోర్లా పడినా మంటకు మేత దొరకదు. కరెంటు లేదు, తీగ లేదు. పక్కన చిన్న గాజు కిటికీ. గోళీ అంచు మీదుంటే ఆకుపచ్చ చుక్క, పడితే ఎర్ర చుక్క. అంతే!

పెట్టె వెంట్రుకవాసి ఒరిగినా లాభం లేదట. గోళీ ఊరికే పడుతుంది, లేదా పడాల్సినప్పుడు పడదు. అందుకే మేస్త్రీ రసమట్టం ఆనించి, నీళ్ళలో బుడగ సరిగ్గా మధ్య గీతల్లోకి వచ్చేదాకా నాలుగు స్క్రూలను నలభై నిమిషాలు తిప్పారు. ఆ భవనంలో నాలుగో అంతస్తు హసీబె గారు చెత్తబుట్ట పట్టుకుని దిగుతూ, "ఏం మేస్త్రీ, పెళ్ళిచూపులా?" అంది.

"పెళ్ళిచూపులైతే ఐదు నిమిషాల్లో తేల్చేవాణ్ణమ్మా. ఇది జీవితకాలం కాపురం" అన్నారు తల తిప్పకుండా.

రసమట్టం! ఎంత చక్కని మాట అత్తా. నా మాటల నోటుబుక్కులో ఇవాళ్టి తేదీ వేసి రాసుకున్నాను.

మరో విషయం. మీ భవనానికీ గ్యాస్ వస్తోందనీ, పన్నెండు వాటాల్లో పదకొండు సంతకాలయ్యాయనీ, నీది ఒక్కటే మిగిలిందనీ, అందరూ పెడితేగానీ పని మొదలవదనీ అమ్మ చెప్పింది. పెట్టెయ్యవూ? ఈ గోళీ ఉండగా నీకు ఏ భయమూ లేదు.

నీ రెండు చేతులూ ముద్దాడి నుదుటికి ఆనించుకుంటూ,
బెర్రిన్


యాలోవా
27 అక్టోబరు 2007

బెర్రిన్ పిల్లా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర గోళీకి, అరపేజీ నాకు. ఆ అరపేజీ కూడా సంతకానికే పోయింది.

ఫోన్ చేయకుండా రాసినందుకు మాత్రం సంతోషం. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి గొంతులూ ఈ చెవిలో పోయించుకున్నాను. ఇక చాలు. కాగితం మీదైతే ఎదుటివాళ్ళు మధ్యలో అడ్డుపడరు.

ఇప్పుడు సంగతికొస్తాను. మా భవన సంఘం పెద్ద నెజాత్ మొన్న మెట్ల దగ్గర ఎదురై, "మీ మేనకోడలు గ్యాస్ చదువు చదువుతోందటగా" అని పళ్ళికిలించాడు. మూడో రోజుకి నీ ఉత్తరం! ఎవరి తీగ ఎవరితో కలిసిందో కనిపెట్టడమే నా ఉద్యోగమని మరిచిపోయావా? పోయి అతనికి చెప్పు, మెలాహత్ సంతకం పెట్టదని.

ఇక నీ గోళీ. పడుతుంది, సరే. పడినదాన్ని మళ్ళీ అంచు మీద కూర్చోబెట్టేదెవరు? అదేమన్నా కోడిపెట్టా, తనంతట తనే గూడెక్కడానికి? ఎవరో ఒకరు ఆ ఊగిన ఇంట్లోకి పోవాలి కదా. ఆ ఎవరో ఒకరు ఏ తల్లి కన్న బిడ్డ? నీ నోటుబుక్కులో దీనికి మాటేమైనా ఉంటే రాయి.

నిన్న శీతకాలపు బొగ్గు దిగింది. చిన్నప్పుడు నువ్వు భుజాలెక్కి ఊరేగిన మా వాచ్‌మన్ రిఫత్ ఉన్నాడే, ఆ కుంటికాలు ఈడ్చుకుంటూనే మొత్తం బొగ్గు నేలమాళిగలోకి పారతో తోశాడు. అన్ని వాటాలనూ వెచ్చబెట్టే బాయిలరు రాజేయడానికి ఇక రోజూ తెల్లారకముందే లేస్తాడు. పొద్దున నేను మూడో అంతస్తు కిటికీలోంచి బుట్ట దించితే రొట్టె వేసి, "అక్కా, వేడి మీదుంది, చెయ్యి జాగ్రత్త" అని కేకేశాడు. అతను మెట్లెక్కకూడదని ఆ బుట్టకి తాడు కట్టింది నేనే.

నా కరెంటు పొయ్యి మీద టీ బాగానే కాగుతోంది. ఎనిమిదేళ్ళుగా కాగుతోంది. నువ్వు స్వెట్టర్ వేసుకో.

మెలాహత్ అత్త


ఇస్తాంబుల్
4 నవంబరు 2007, ఆదివారం

అత్తా,

నెజాత్ గారి ముఖం చూసి నాకు రెండేళ్ళయింది. నేను నా ఇష్టంతో రాశాను. నువ్వు నమ్మకపోయేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా కోపం పెట్టుకోను. నువ్వు భయపడుతున్నావని నాకు తెలుసు. తొంభైతొమ్మిది ఆగస్టు భూకంపం చూసినవాళ్ళు నిప్పుకి భయపడడంలో తప్పేముంది?

గోళీని ఎవరు ఎక్కిస్తారని అడిగావు. దానికి నిన్ననే జవాబు దొరికింది, మహా గోలగా.

మధ్యాహ్నం దుకాణానికి ఫోన్. ఆ ఐదంతస్తుల భవనం నుంచే. "గ్యాస్ ఆగిపోయింది! భూకంపం వచ్చిందా? మాకెందుకు తెలియలేదు?" అని హసీబె గారి గొంతు. పరుగున వెళ్ళాం. గుమ్మంలో డోలు, సన్నాయి, జెండా, యాభై మంది జనం. హసీబె గారి కొడుకు వోల్కాన్‌ని సైన్యానికి సాగనంపుతున్నారు. కుర్రాళ్ళు అతన్ని గాల్లోకి ఎగరేస్తున్నారు. అతను "అమ్మా, వీళ్ళు పట్టుకోకపోతే నేను యుద్ధానికి ముందే పోతా" అని అరుస్తున్నాడు.

జరిగిందేమిటంటే, డోలువాడికి దాహమేసింది. మజ్జిగ తాగుతూ అంత పెద్ద డోలూ ఎక్కడ తగిలించాలా అని చూశాడు. మన ఇత్తడి పెట్టె కొయ్యలా కనిపించింది. పట్టా దానికి తగిలించాడు. కుర్రాళ్ళు ఊరుకుంటారా? వేలాడుతున్న డోలునే కర్రతో బాదారు. గోళీ పడింది. ఐదంతస్తుల పొయ్యిలూ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"నా కొడుకు ఆఖరి పులావు సగం ఉడికింది మేస్త్రీ! తొందరగా తిప్పెయ్" అంది హసీబె గారు.

మేస్త్రీ తిప్పలేదు. గోళీని మళ్ళీ అంచు మీదికెక్కించే తాళంచెవి జేబులోంచి తీయనే లేదు. నన్ను వెంటబెట్టుకుని పై అంతస్తు నుంచి ఒక్కో తలుపూ తట్టుకుంటూ దిగారు. పది వాటాలు. ప్రతి పొయ్యి మీటా చేత్తో తాకి, మూసి ఉందో లేదో చూశారు. రెండో అంతస్తులో ఒక ముసలాయన మంట ఆరిందని గమనించక మీట తెరిచే ఉంచేశాడు. కింద తొందరపడి గ్యాస్ వదిలి ఉంటే! తరువాత కీళ్ళ దగ్గరల్లా సబ్బునురగ పూసి బుడగ లేస్తుందేమో చూశారు. అప్పుడు గానీ తాళంచెవి బయటికి రాలేదు. నలభై ఐదు నిమిషాలు. కింద తిట్లు ఎన్నో అంతస్తుకి వినిపించాయో చెప్పలేను.

చూశావా అత్తా? గోళీని ఎక్కించడం తొందర పని కాదు. ఇల్లు నిమ్మళించాక, చూసుకుని, తెలిసినవాళ్ళు చేసే పని. ఆ పెట్టె వీధి గుమ్మం పక్కనే ఉంటుంది కూడా.

పులావు మాత్రం ముద్దయింది. మాకూ ఒక పళ్ళెం పెట్టారు.

చేతులు ముద్దాడుతూ,
బెర్రిన్


యాలోవా
10 నవంబరు 2007

బెర్రిన్,

డోలు సంగతి చదివి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. పక్కింటావిడ గోడ తట్టింది, నాకేమైనా అయిందేమోనని.

మీ మేస్త్రీ ముందు చేతులు కట్టుకుని నిలబడాలనిపించింది. మా ఎక్స్ఛేంజిలోనూ అదే పద్ధతి. అవతలి మనిషి "ఊఁ" అనందే ఇవతలి తీగ గుచ్చేదాన్ని కాదు. ఒకసారి కలెక్టరే అరిచాడు, "ఏమ్మా, నిద్రపోతున్నావా?" అని. "అయ్యా, నేను నిద్రపోతే మీరు మీ ఆవిడతో అనుకుని ఇంకొకరి ఆవిడతో మాట్లాడతారు" అన్నాను. మళ్ళీ అరవలేదు. తొందరపడని మనిషి దగ్గర పని నేర్చుకుంటున్నావు. అతని గుమ్మం వదలకు.

అయితే ఒక మాట. నేను భయపడుతున్నానని నీకెవరు చెప్పారు? ఆ రోజు నేను చెప్పులు కూడా లేకుండా గాజు పెంకుల మీద నడిచి ఎక్స్ఛేంజికి వెళ్ళి రెండు పగళ్ళు కుర్చీలోంచి లేవలేదు. నా సొంత ప్రాణానికి భయపడే తీరిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తెలియని సంగతికి తెలిసిన పేరు పెట్టకు. మాటలంటే ప్రేమ ఉన్నదానివి, ఆ మర్యాద నేర్చుకో.

గోళీ గురించి ఇక రాయకు. తిండి గురించి రాయి.

మెలాహత్ అత్త


ఇస్తాంబుల్
15 నవంబరు 2007, గురువారం

అత్తా,

తిండి గురించి: నిన్న మధ్యాహ్నం చిక్కుడుగింజల కూర సగంలో ఉండగా నేల ఊగింది. నీకూ తెలిసే ఉంటుంది. ఐదారు సెకన్లు. దీపం ఊగింది, షెల్ఫులో మరలు గలగలమన్నాయి. అమ్మ వెంటనే మీ సంఘం పెద్దకి ఫోన్ చేస్తే, అందరూ రోడ్డు మీదే క్షేమంగా ఉన్నారన్నారు. అప్పుడు గానీ నేను మళ్ళీ కూర ముట్టలేదు.

గోళీ గురించి రాయొద్దన్నావు. ఈ ఒక్కసారికి ఆజ్ఞ మీరుతున్నాను. ఇది గోళీకన్నా మేస్త్రీ కథ.

ఈ పొద్దున మళ్ళీ ఆ భవనమే. ఈసారి మేం వెళ్ళేసరికి అందరూ గుమ్మంలో కాచుకుని ఉన్నారు. కిటికీలో ఆకుపచ్చ చుక్క అలాగే ఉంది. గోళీ పడలేదు.

"డోలుకి పడుతుంది, భూకంపానికి పడదు. ఇదెక్కడి సొగసు మేస్త్రీ?" అంది హసీబె గారు. "తీసి పారెయ్. లేదా దీని పక్కనుంచి మామూలు పైపొకటి వేసెయ్, మా బతుకు మేం బతుకుతాం." వెనక నలుగురు తలలూపారు.

"డోలు దాని మెడకి వేలాడింది కాబట్టి పడింది. నిన్నటిది ఉయ్యాల ఊపు. దానికి పైపులు విరగవు, ఇదీ పడదు. దారిన పోయే ప్రతివాడినీ చూసి మొరిగే కుక్కని మీరే తరిమేస్తారు కదమ్మా" అన్నారు మేస్త్రీ.

"మరి నేను మెట్లెక్కి చచ్చానుగా!"

"ఎక్కడికెక్కారు?"

"పొయ్యి మీద ఆకుల్లో చుట్టిన అన్నం ఉడుకుతోంది. కిందకి పరిగెత్తాక గుర్తొచ్చింది. మళ్ళీ పైకెళ్ళి కట్టేసి వచ్చాను. ఇది పడిందో లేదో నాకేం తెలుసు?"

మేస్త్రీ ముఖం మారిపోయింది. అంతవరకూ తిట్లకి కూడా చెదరని ముఖం. చెవి మీది పెన్సిల్ తీశారు.

"సరే. పక్క పైపు వేస్తాను. ఒక్క షరతు. ఈ గోడ మీద, పెట్టె పక్కనే, ఎవరైనా ఒకరు పేరు రాయండి. నేల ఊగినప్పుడు అందరూ బయటికి పరిగెడుతుంటే, మెట్లెక్కి గ్యాస్ కట్టేసి వచ్చేది ఎవరో. ఇదిగో పెన్సిల్."

ఎవరూ కదల్లేదు.

"హసీబె గారూ, చిన్న ఊపుకి కట్టెయ్యాల్సిన పని లేదు. పెద్ద ఊపుకి ఇదే కట్టేస్తుంది. రెండిట్లో ఏది వచ్చినా మీరు మెట్లెక్కాల్సిన పని లేదు. ఈ పెట్టె ఉన్నది మీ పొయ్యి కోసమనుకుంటున్నారా? వెనక్కి వెళ్ళే మనిషి కోసం."

పెన్సిల్ అలాగే చాచిన చేతిలో ఉంది. చివరికి హసీబె గారే దాన్ని తీసుకుని ఆయన చెవి మీద పెట్టేసి, "పోనీలే, ఉండనీ. రండి, టీ తాగి పోదురుగాని" అంది.

దారిలో నడుస్తూనే ఆ మాట నా నోటుబుక్కులో రాసుకున్నాను. అత్తా, చెప్పుకోదగ్గ మాటలన్నీ పుస్తకాల్లోనే ఉంటాయనుకునేదాన్ని.

నిన్ను భయస్తురాలివన్నందుకు క్షమించు. నాకు తెలియనిదేదో ఉందని మాత్రం ఇప్పుడు తెలుసు.

బెర్రిన్


యాలోవా
18 నవంబరు 2007, ఆదివారం

బెర్రిన్ తల్లీ,

ఆ పెన్సిల్ నా చేతికిచ్చి ఉంటే రిఫత్ పేరు రాసి ఉండేదాన్ని. ఎనిమిదేళ్ళ కిందట రాశాను కూడా.

ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకి కూడా. నీకు చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు సబ్బునురగ పూసి బుడగ కోసం చూడడం నేర్చుకున్నావు.

ఆ ఆగస్టు రాత్రి నిద్రపట్టక పాలు కాచుకుని పడుకున్నాను. అప్పట్లో గ్యాస్ బండ ఉండేది కదా. ఊపు వచ్చింది. ఎలా దిగానో తెలియదు. రోడ్డు మీద నిలబడ్డాక బుర్రలో ఒకటే మెదిలింది, పాలు. గ్యాస్ కట్టే బండ తాళం మూశానా? గుర్తు రాలేదు. వెళ్ళమని ఎవరినీ అడగలేదు తల్లీ. ఊరికే అరిచాను, "నా గ్యాస్ తెరిచే ఉంది!" అని. అంతే అన్నాను. రిఫత్ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

అతను పైకి వెళ్ళి దిగి వస్తుండగా మళ్ళీ ఊగింది. మెట్ల పక్క గోడ అతని కాలి మీద పడింది.

తరువాత భవనానికి ఇనుము వేసి గట్టిచేశారు. అతని కాలికీ ఇనుము వేశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, "అక్కా, రొట్టె కావాలా?" అన్నాడు. అంతకుమించి ఆ రోజు గురించి మేమిద్దరం ఒక్క మాటా అనుకోలేదు. నేను ఆ బండని అమ్మేసి కరెంటు పొయ్యి కొన్నాను. నా ఇంట్లో మంట లేకపోతే, నా కోసం ఎవరూ మెట్లెక్కరు.

అదీ నా సంతకం కథ. నాకు నిప్పంటే భయం లేదు. రిఫత్ అంటే భయం.

మొన్న బుధవారం ఊపుకి అందరం దిగాం. నేనూ దిగాను. అతను నా ముఖం కేసి చూసి, "అక్కా, పొయ్యి స్విచ్ తీశావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మెట్ల వైపు ఒక అడుగు వేశాడు. ఆ కాలితోనే! చొక్కా పట్టుకుని లాగాను. కరెంటు పొయ్యి అయినా అంతే. మనిషి మారలేదు.

గ్యాస్ వస్తే బాయిలరుకి బొగ్గు అక్కర్లేదని, నేను సంతకం పెట్టకపోవడం వల్లే అతను బొగ్గు మోస్తున్నాడని నాకు తెలియదా? ప్రతి తెల్లవారూ నేలమాళిగలో పార చప్పుడు వినిపిస్తుంది. పెడితే ఒక రోజు మెట్లెక్కుతాడు, పెట్టకపోతే రోజూ బొగ్గెత్తుతాడు. రెండు తీగలూ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

మీ మేస్త్రీ అన్న ఆ మాట మళ్ళీ రాయి. అలాగే అన్నాడా? వెనక్కి వెళ్ళే మనిషి కోసమనే అన్నాడా?

అత్త


ఇస్తాంబుల్
21 నవంబరు 2007

మా అత్తకి,

అలాగే అన్నారు. "ఈ పెట్టె ఉన్నది మీ పొయ్యి కోసమనుకుంటున్నారా? వెనక్కి వెళ్ళే మనిషి కోసం." ఒక్క అక్షరం నేను కలపలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పెద్ద మాటలేవీ రాయను. ఒక్క ప్రశ్న, మేస్త్రీ ఏ కీలు దగ్గరైనా ముందు అడిగే ప్రశ్న: తెరిచి ఉందా, మూసి ఉందా? ఆ రోజు నీ బండ తాళం ఎలా ఉంది? అది చూసినవాడు రిఫత్ బాబాయి ఒక్కడే. నువ్వు ఎప్పుడైనా అడిగావా?

నీ బెర్రిన్


యాలోవా
25 నవంబరు 2007, ఆదివారం

బెర్రిన్ తల్లీ,

అడగలేదు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఊరందరి ప్రశ్నలూ అటు నుంచి ఇటు చేరవేసినదాన్ని, నా సొంత ప్రశ్న ఒక్కటి గొంతు దాటలేదు.

నిన్న పొద్దున చీటీ రాసి రొట్టె బుట్టలో వేసి దించాను. "రిఫత్, ఆ రోజు నా బండ తాళం తెరిచి ఉందా?" కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. చీటీ తీశాడు, చదివాడు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. బుట్టలో రొట్టె వేయకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

తరువాత మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక అడుగు, ఈడ్పు. ఒక అడుగు, ఈడ్పు. మూడంతస్తులు. అక్కడే ఆగమని కేకేశాను, వినలేదు. తలుపు తీసి నిలబడ్డాను. రొట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు, ఆయాసపడుతూ.

"మూసే ఉంది అక్కా."

"ఏది?"

"తాళం. గట్టిగా మూసి ఉంది. నేను తిప్పబోతే తిరగలేదు. నువ్వు రోజూ మూసేదానివే కదా, ఆ రోజూ మూశావు. పాలగిన్నె కూడా కడిగి బోర్లించి ఉంది."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వడగలేదుగా. మూసి ఉందంటే, ఊరికే పోయి కాలు పోగొట్టుకున్నాడని ఇంకా కుమిలిపోతావనుకున్నాను."

"తెరిచి ఉందనుకుని కుమిలిపోయాను కదరా!"

"అయితే ఇద్దరం తెలివితక్కువవాళ్ళమే" అని, "రొట్టె చల్లారిపోయింది, కాల్చుకు తిను" అన్నాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఆ కరెంటు పొయ్యి కాగడానికి పావుగంట. ఆ పావుగంటా ఇద్దరం ఏడ్చాం, నవ్వాం, మళ్ళీ ఏడ్చాం. "ఈ పొయ్యి మీద టీ కాగేలోపు బొగ్గు మీద గొర్రెపిల్ల ఉడుకుతుంది అక్కా" అని నన్ను ఎగతాళి చేశాడు.

మూసి ఉన్న తాళాన్ని మూయడానికి మనిషి వెళ్ళాడు తల్లీ. రాత్రంతా తిరగేశాను దీన్ని. నా చెయ్యి తన పని తను చేసింది. నాకు గుర్తు లేదు, అంతే. ఊపు వచ్చినప్పుడు మనిషికి గుర్తుండదు. నీ గోళీకి గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు, బరువు ఒక్కటే ఉంది. దాని గొప్పతనం నాకు ఇప్పుడు అర్థమైంది. నాలుగు పేజీల్లో మూడున్నర దానికివ్వడం న్యాయమే.

ఈ పొద్దున నెజాత్ తలుపు తట్టి సంతకం పెట్టి వచ్చాను. పెన్నెక్కడుందో వెతుక్కోవడానికి అతనికి పది నిమిషాలు పట్టింది. నా షరతులు కాగితం మీద రాయించాను. ఒకటి, గోళీ పెట్టె రిఫత్ గది తలుపులోంచి కనిపించేచోట ఉండాలి, ఆ ఆకుపచ్చ చుక్క అతని కంటికి ఆనాలి. రెండు, షాకిర్ మేస్త్రీ, నువ్వు తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. డోలు తగిలించడానికి వేరే కొయ్య నేనే కొట్టిస్తాను.

మెలాహత్ అత్త


ఇస్తాంబుల్
11 ఏప్రిల్ 2008, శుక్రవారం

అత్తా,

ఈ ఉత్తరానికి తపాలా బిళ్ళ అంటించలేదు. రేపు నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. ఫోన్ చేయొచ్చు కానీ, నీ అలవాటు నాకూ అంటుకుంది.

పైపులు వేశారని, పరీక్షలయ్యాయని నిన్న కబురొచ్చింది. మిగిలింది వాల్వే. ఏ వాటాలోనూ అగ్గిపుల్ల గీయకముందే అది కూర్చోవాలని మేస్త్రీ పట్టు. నీ షరతుల కాగితం ఆయన జేబులోనే పెట్టుకు తిరుగుతున్నారు. "నలభై ఏళ్ళలో నాకు ఇంత మంచి పని పత్రం ఎవరూ రాసివ్వలేదు" అన్నారు. రిఫత్ బాబాయి సంగతి నీ అనుమతితో చెప్పాను. విని ఆయన సంచీలోంచి పాత రసమట్టం తీసి అద్దం తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టారు.

మొదటి రోజు నా జేబులో వేసిన గోళీని ఆయన తిరిగి అడగలేదు. అది నీకు తెస్తున్నాను. నువ్వూ మధ్యాహ్నం దాకా కోటు జేబులో వేసుకు తిరగాలి. బరువు తెలియాలి.

రేపు ఉదయం ఏడున్నర ఓడకి ఎక్కుతాం. ఎనిమిదిన్నరకల్లా యాలోవా రేవులో ఉంటాం. పనిముట్ల సంచీ మోయడానికి రిఫత్ బాబాయి రేవుకి రాకూడదని గట్టిగా చెప్పు. వద్దన్నా వస్తాడని తెలుసు. వస్తే సంచీ ఇవ్వం. రసమట్టం ఒక్కటే ఆయన చేతికిస్తాం. గోడ దగ్గర మేస్త్రీ స్క్రూలు తిప్పుతారు, నేను పెట్టె పట్టుకుంటాను, బుడగ మధ్యకి వచ్చిందని చెప్పాల్సింది మాత్రం ఆయనే. ఆయన "సరే" అనేదాకా మేమెవరం చెయ్యి తీయం.

బెర్రిన్